ఎవుల తాలూక?

నెల్లిమర్ల జూట్ మిల్లు గేటు దగ్గర
కావలివాడు ముందు అడిగేది పేరు కాదు.
"ఎవుల తాలూక?"
అంటాడు, నోట్లో బీడీ తియ్యకుండానే.
మేస్త్రీ తాలూక అంటే సగం తలుపు.
యూనియన్ బాబు తాలూక అంటే మొత్తం తలుపు.
మా అయ్య ఎవుల తాలూకా కాడు.
మూడు నెల్లు బదిలీ కూలీగా
గేటు బయట గోగునార పీచులా ఎగిరాడు.

మిల్లు పుస్తకంలో అయ్య పేరు బోనెల అప్పలసూరి.
సంఘం పుస్తకంలో ఫిలేమోను.
రెండింటి పక్కనా ముద్ర మాత్రం ఒకటే,
ఎడమ బొటనవేలు, నీలం సిరా.

రాత్రి చాప మీద మోకాళ్లూని
అమ్మ బియ్యం దగ్గర మొదలెట్టి
చీటీ బాకీ, నా జ్వరం, మేనత్త కాపురం,
చంపావతి గట్టు దాటకుండా ఉండడం దాకా
అన్నీ మూట విప్పినట్టు విప్పి
చివర్న గబగబా అనేది:
"యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమెన్."
నాకది ఉత్తరానికి అంటించే బిళ్ళ అనిపించేది.
అంటించకపోతే పైకి పోదు, అంతే.

బిళ్ళలు నేనూ చాలానే ఖర్చుపెట్టాను.
కుక్క తరిమినప్పుడు ఒకటి
(కుక్క ఆగలేదు, పిక్క మీద మచ్చ ఉంది).
పదమూడో ఎక్కం మరిచిపోయినప్పుడు మూడు.
పక్కింటి కరుణ రిబ్బను నాదైపోవాలని ఒకటి,
దానికి ఇప్పటికీ సిగ్గు.

కూటాలకి వచ్చిన కొత్త ప్రసంగీకుడు
మైకులో ఆ పేరును చెర్నాకోలలా ఝుళిపిస్తుంటే
పందిరంతా ఊగుతుంటే
అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని
"పిలిస్తే పలికేవోడ్ని
అలగ కసురుతాడేటి?" అంది.

ఆ యేడు వానల్లో, రెండో షిఫ్టులో,
మిషను అయ్య ఎడమ బొటనవేలు తీసుకుంది.
ఇజీనారం పెద్దాసుపత్రి.
నేల మీద నీళ్లు, ఫినాయిలు వాసన.
అమ్మ ఆ రాత్రి ఏమీ అడగలేదు.
మంచం కోడు పట్టుకుని
"యేసయ్యా" అంది. ఆగింది.
చాలాసేపటికి మళ్లీ "యేసయ్యా" అంది,
చీకట్లో ఇంటికొచ్చి
లోపలి మనిషిని పిలిచినట్టు.
ఉన్నావా అని కాదు,
నానొచ్చాను అని.

పరిహారం కాగితం మీద చుక్కల గీత చూపించి
"ఎడమ బొటనవేలు" అన్నాడు గుమస్తా.
అయ్య గుడ్డకట్టు చూపించాడు.
గుమస్తా పుస్తకం తిరగేశాడు, టీ తాగొచ్చాడు,
"ఆ ముద్ర లేకపోతే నువ్వే నువ్వని
ఎవరు చెప్తారు?" అన్నాడు.
ఆ వేలు పోయినందుకే కదా ఆ డబ్బు
అనబోతే అయ్య నా భుజం నొక్కాడు.

ఎప్పుడూ ఆమెన్ ఒక్కటే అనే అయ్య
ఆ రాత్రి ప్రార్థన తానే చేస్తానన్నాడు.
బియ్యం అడిగాడు.
పదకొండు వేలని అంకె కూడా చెప్పాడు.
చివర్న ఆగిపోయాడు.
కట్టున్న చెయ్యి లాంతరు దగ్గరికి ఎత్తి
"నా ముద్రింక సెల్లదు బాబూ.
నీ కొడుకు పేరే ఎయ్యాల.
ఆ సేతికీ సిల్లడిందే గదా,
నువ్వు ఆనవాలు పడతావు."

అమ్మ ఆమెన్ అనడం మర్చిపోయింది.
దీపం కింద పురుగులు రాలుతున్నాయి.

డబ్బు పద్నాలుగు నెల్లకి వచ్చింది, ఎనిమిది వేలు.
దానికీ అమ్మ స్తోత్రం చెప్పింది.
నాకు కోపమొచ్చింది,
కొంచెం ఇంకా ఉంది.

ఇప్పుడు రాజాంలో బ్యాంకు కిటికీ వెనక కూర్చుంటాను.
నా ముందు వేలిముద్రల మిషను.
నార వొలిచిన వేళ్లని, గిన్నెలు తోమిన వేళ్లని
అది గుర్తుపట్టదు.
"నానే తల్లీ" అంటుంది ముసలామె,
నాకు కాదు, మిషనుకి.
తడిగుడ్డతో ఆ వేలు తుడుస్తాను.
తుడుస్తూ, పెదవి కదలకుండా,
ఆ పేరు ఒకసారి అంటాను.
ముందూ వెనకా ఏమీ చేర్చను.

పచ్చదీపం ఒక్కోసారి వెలుగుతుంది.
వెలగకపోతే
"మళ్లీ పెట్టమ్మా" అంటాను.